ఆ నీళ్ల ట్యాంకు ఏ పద్దులోది?

ఒడిశాలోని రాయగడ నుంచి కాశీపూర్ వైపు వెళ్లినా, లక్ష్మీపూర్ మీదుగా దామన్‌జోడి వైపు వెళ్లినా దారి పొడవునా కంపెనీల పేర్లు కనబడుతూనే ఉంటాయి. బోరింగు దిమ్మ మీద ఒక పేరు, అంగన్‌వాడీ గోడ మీద మరొక పేరు, సోలార్ దీపపు స్తంభానికి తగిలించిన రేకు మీద ఇంకొకటి. ఊళ్లో ఎవరినైనా అడిగితే "కంపెనీ వాళ్లు వేశారు" అన్న ఒక్క మాటతో తేల్చేస్తారు. రాయగడలో చిన్న కాంట్రాక్టర్లకు జమాఖర్చులు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసి పెట్టడం నా వృత్తి కావడం వల్ల, ఇటువంటి కల్వర్టులకూ తరగతి గదులకూ సంబంధించిన వర్క్ ఆర్డర్లు, బిల్లులు నా బల్ల మీదుగా వెళుతూ ఉంటాయి. అందుచేత ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోతాను. ఊరికి వచ్చిన రూపాయి కంపెనీ ఇష్టపడి ఇచ్చినదా, చట్టం ఇప్పించినదా, పోయిన భూమికి బదులుగా రావలసినదా, లేక కంపెనీ తన వ్యాపారం కోసం పెట్టిన ఖర్చులో ఊరికి దక్కిన భాగమా అన్నది తెలియకపోతే, ఎవరికి కృతజ్ఞత చెప్పాలో, ఎవరిని నిలదీయాలో ఊరికి ఎప్పటికీ తెలియదు.

దూరాన ఉన్న పాఠకుల కోసం ఈ ప్రాంతం గురించి కొంత చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా రాయగడతో సహా కోరాపుట్ ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. రాయగడ, గుణుపూర్ బజారుల్లో ఈనాటికీ తెలుగు లేకుండా బేరం సాగదు. పార్వతీపురం, బొబ్బిలి, సాలూరుల నుంచి వర్తకానికీ ఉద్యోగాలకూ వచ్చి స్థిరపడిన కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా ఇక్కడ ఉన్నాయి. రాయగడ పక్కనే జేకే పూర్‌లో కాగితం మిల్లు 1962లో మొదలైంది. తెరుబలిలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం ఉంది. 1981లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ నాల్కో, పంచపట్మాలి కొండ మీద అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్‌ను తవ్వి, పద్నాలుగు కిలోమీటర్లకు పైగా సాగే కన్వేయర్ బెల్టు మీద దామన్‌జోడి రిఫైనరీకి దించి, అక్కడ తయారైన అల్యూమినాలో ఎగుమతి వాటాను రైలులో విశాఖ రేవుకు పంపుతుంది. కాశీపూర్ బ్లాకులోని దొరగుడ దగ్గర ఉత్కళ్ అల్యూమినా వారి రిఫైనరీ ఉంది. ఇన్ని పెద్ద కర్మాగారాలున్న చోట "కంపెనీ మా ఊరికి ఏం చేసింది" అన్న ప్రశ్న ప్రతి ఎన్నికల్లోనూ, ప్రతి పెళ్లి పందిట్లోనూ వినబడడంలో వింత లేదు.

ఊరికి వచ్చే రూపాయికి నాలుగు పద్దులు ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పాతది, ఎవరూ సాయం అని పిలవనిది, వ్యాపారపు పద్దు. కాగితం మిల్లు వచ్చిన కొత్తలో సామాజిక బాధ్యత అన్న మాట లేదు, దానికి చట్టమూ లేదు. మిల్లు తన ఉద్యోగుల కోసం కాలనీ, బడి, ఆసుపత్రి కట్టుకుంది. జీతాలు చేతికందే రోజుల్లో రాయగడ బజారులో అమ్మకాలు పెరిగాయి. లారీల వాళ్లు, టైర్ల దుకాణాలు, మెస్సులు, కూరగాయల వాళ్లు, కుట్టు మిషన్ల వాళ్లు బతికారు. కంపెనీ టౌన్‌షిప్‌కు కంచె ఎంత గట్టిగా వేసినా జీతం మాత్రం కంచె దాటి బయటికి వస్తుంది. ఈ పద్దులో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది కలప. 1988 జాతీయ అటవీ విధానం, అడవి మీద ఆధారపడిన పరిశ్రమలు తమ ముడిసరుకును వీలైనంతవరకు రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని పెంచుకోవాలని చెప్పింది. అంతకుముందు ప్రభుత్వ అడవుల నుంచి తక్కువ ధరకు వెదురు తెచ్చుకోవడానికి అలవాటు పడిన కాగితం మిల్లులు, ఆ తరువాత తప్పనిసరై రైతు గట్టు దగ్గరికి వచ్చాయి. నర్సరీల్లో నీలగిరి, సరుగుడు, సుబాబుల్ మొక్కలను, ముఖ్యంగా మంచి చెట్ల కొమ్మల నుంచి పెంచిన క్లోన్ మొక్కలను తయారుచేసి రైతులకు ఇవ్వడం, మూడు నాలుగేళ్ల తరువాత ఆ కలపను కొనడం ఒక పద్ధతిగా స్థిరపడింది. రాష్ట్ర సరిహద్దు ఈ పద్ధతికి అడ్డు కాలేదు. కొండకు అటువైపు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మెట్ట భూముల్లో నిలిచిన సరుగుడు తోటల వెనుక కాగితం మిల్లుల గిరాకీ ఉంది.

ఇది దానం కాదు, వ్యాపారం. మిల్లుకు కలప కావాలి, రైతుకు డబ్బు కావాలి. అయినా నా లెక్కలో ఒక పెద్ద కర్మాగారం చుట్టుపక్కల ఊళ్లకు చేయగలిగిన మేలులో ఇదే అన్నిటికన్నా గట్టిది, ఎందుకంటే మిల్లు నడిచినంత కాలం, లాభం తగ్గిన ఏడాదిలో కూడా, కలప కొనక తప్పదు. దీనికి షరతులు లేకపోలేదు. మూడు నాలుగేళ్లు పంట చేతికి రాకుండా ఆగగలిగిన రైతు మాత్రమే చెట్లు వేయగలడు. రెండెకరాల పోడు భూమిలో చోళ్లూ కందులూ పండించుకుని తినే కోందు గిరిజన కుటుంబం అన్నేళ్లు ఆగే స్థితిలో ఉండదు. కౌలుదారుకు భూస్వామి అన్నేళ్లు కౌలు రాసి ఇవ్వడు. కోత సమయానికి ధర పడిపోతే, నరికిన కలప ఎండి తూకం తగ్గుతూ ఉంటే, బేరం చేసే శక్తి రైతు దగ్గర మిగలదు. మధ్యలో దళారి ఉంటే మిల్లు ఇచ్చే ధర రైతు దాకా పూర్తిగా రాదు. కనుక మిల్లు ఊరికి నిజంగా సాయపడాలనుకుంటే మొక్కలు ఉచితంగా పంచే సభ కన్నా, తూకం కాటా పారదర్శకంగా ఉంచడం, ధరను నాటే రోజునే రాతపూర్వకంగా చెప్పడం, డబ్బు నేరుగా రైతు ఖాతాలో వేయడం ఎక్కువ ఉపయోగపడతాయి. వీటిలో ఏదీ బోర్డు మీద పేరు రాసుకోవడానికి పనికిరాదు.

రెండవది, ఈనాడు అందరి నోటా వినబడే సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 500 కోట్ల రూపాయల నికర విలువ గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గడిచిన మూడు ఆర్థిక సంవత్సరాల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు పెట్టాలి. నాల్కో వంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలకు దీనికి ముందే, 2010లోనే, మార్గదర్శకాలు ఉన్నాయి. ఈ చట్టం గురించి మన వాళ్లలో చాలామందికి తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. కేవలం తన ఉద్యోగులకూ వారి కుటుంబాలకూ ఉపయోగపడే ఖర్చును కంపెనీ ఇందులో చూపించకూడదు. మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనిని చూపించకూడదు. వేరే చట్టం కింద ఎలాగూ చేయవలసిన పనిని, ఉదాహరణకు పర్యావరణ అనుమతిలో షరతుగా విధించిన పనిని, ఇందులో కలపకూడదు. పరిపాలనా ఖర్చు 5 శాతం దాటకూడదు. 2021 సవరణ తరువాత, ఖర్చు కాని డబ్బును కంపెనీ తన దగ్గర ఉంచుకోవడానికి వీలు లేదు. కొనసాగుతున్న ప్రాజెక్టుదైతే ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో వాడాలి, కాకపోతే చట్టం చెప్పిన నిధికి పంపాలి. కర్మాగారం ఉన్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం చెబుతుంది గానీ, అది సూచన వంటిదే తప్ప కచ్చితమైన ఆదేశం కాదని కేంద్ర ప్రభుత్వమే వివరణ ఇచ్చింది. అంటే కాశీపూర్ కొండ తవ్వగా వచ్చిన లాభంలోని 2 శాతం మరొక రాష్ట్రంలో ఖర్చయినా చట్టం అడ్డు చెప్పదు.

పల్లెల్లో సీఎస్ఆర్ పనులు ఎక్కువగా కట్టడాలుగానే ఎందుకు మిగిలిపోతాయన్నది నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. నిబంధనలు చదివితే కారణం కొంత అర్థమవుతుంది. కొనసాగే ప్రాజెక్టు అంటే మొదలైన ఏడాదిని వదిలేసి మూడేళ్లకు మించనిది అని నిబంధన నిర్వచిస్తుంది. గోడ కట్టడానికి మూడేళ్లు చాలా ఎక్కువ. ఒక నర్సునో, లెక్కల మాస్టారునో ఊళ్లో నిలబెట్టడానికి మూడేళ్లు చాలా తక్కువ. దీనికి తోడు ఆ 2 శాతం లాభాన్ని అంటిపెట్టుకుని కదులుతుంది. అల్యూమినియం ధర లండన్ మార్కెట్లో పడితే కంపెనీ లాభం తగ్గుతుంది, లాభం తగ్గితే మూడేళ్ల సగటు నెమ్మదిగా జారుతుంది, ఆ జారుడు ఏదో ఒక ఏడాది పొట్టంగి కొండల్లో తిరిగే సంచార వైద్య వాహనం డీజిలు పద్దు దాకా వస్తుంది. నీళ్లు శుద్ధిచేసే యంత్రాల సంగతీ అంతే: బిగించిన కంపెనీ నిర్వహణ ఒప్పందం ఉన్నంతవరకు మంచినీళ్లు వస్తాయి, ఒప్పందం ముగిసిన తరువాత ఫిల్టరు మార్చే డబ్బు పంచాయతీ దగ్గర ఉండదు, గది తలుపుకు తాళం పడుతుంది. అటువంటి గదులు ఈ దారుల్లో ఒకటి కన్నా ఎక్కువే ఉన్నాయి. వాటి మీద పేర్లు మాత్రం వెలిసిపోవు. మంచి ఎనామెల్ పెయింటు వాడతారు.

ఈ పరిమితిని దాటడానికి చేసిన ప్రయత్నాలలో నాల్కో వారి ఇంద్రధనుష్ పథకాన్ని చెప్పుకోవాలి. దామన్‌జోడి గనుల చుట్టూ ఉన్న, ఒకప్పుడు మావోయిస్టుల ప్రభావంలో ఉన్న గ్రామాల గిరిజన పిల్లలను కోరాపుట్, భువనేశ్వర్‌లలోని హాస్టలు బడులకు పంపి, చదువు, భోజనం, బట్టల ఖర్చును కంపెనీ ఫౌండేషన్ భరిస్తుంది. ఒక పిల్లవాడి చదువు పూర్తయ్యేదాకా ఖర్చు పెట్టాలంటే మూడేళ్ల లెక్క చాలదు కనుక ఇది గోడ కట్టడం కన్నా కష్టమైన మాట ఇవ్వడమే. దాన్ని నేను మెచ్చుకుంటాను. అయితే చురుకైన పిల్లలు ఊరు విడిచి వెళ్లాక, ఊళ్లోని ప్రభుత్వ బడి మరింత పలచబడుతుందన్న అనుమానం కూడా నాకు ఉంది. ఊళ్లో బడి బాగుపడడానికి మాస్టారు కావాలి, మాస్టారును నియమించవలసినది ప్రభుత్వం. ఆ బరువును కంపెనీ మీద పెట్టడం న్యాయం కాదు, కంపెనీ ఉంది కదా అని ప్రభుత్వం పక్కకు తప్పుకోవడం అంతకన్నా న్యాయం కాదు.

మూడవ పద్దు జిల్లా ఖనిజ నిధి, అందరూ డీఎంఎఫ్ అంటారు. 2015లో గనుల చట్టాన్ని సవరించినప్పుడు ఇది వచ్చింది. ఆ ఏడాది జనవరి 12కు ముందు లీజు పొందిన గనులు తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి చెల్లించే రాయల్టీలో 30 శాతం, ఆ తరువాత లీజు పొందినవి 10 శాతం, రాయల్టీకి అదనంగా జిల్లా ట్రస్టుకు చెల్లించాలి. కంపెనీ చేతిలో నుంచి డబ్బు వెళ్లిపోయాక దాని మీద కంపెనీకి పెత్తనం లేదు. కలెక్టర్ నడిపే ట్రస్టు నిర్ణయిస్తుంది. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం కనీసం 70 శాతం తాగునీరు, ఆరోగ్యం, విద్య, పర్యావరణం వంటి ముఖ్య అవసరాలకు పోవాలి. పంచపట్మాలి బాక్సైట్ మీద వచ్చే ఈ సొమ్ము కోరాపుట్ జిల్లాకు, ఉత్కళ్ అల్యూమినా బాఫ్లిమాలి కొండ మీద తవ్వినందుకు వచ్చేది ఆ కొండ ఆనుకున్న జిల్లాలకు చెందుతుంది. సీఎస్ఆర్ లాభం మీద లెక్కించేది కాగా, ఇది తవ్విన ఖనిజం మీద లెక్కించేది. కంపెనీ నష్టపోయినా టన్ను తవ్వితే చెల్లించవలసిందే. అందువల్ల ఊరికి నిలకడగా అక్కరకు రావలసిన నిధి ఇదే. నా దగ్గరికి వచ్చే బిల్లుల్లో ఈ పద్దు కింద కట్టిన రోడ్లనూ, తరగతి గదులనూ కూడా ఊరివాళ్లు "కంపెనీ వేసింది" అనే చెబుతారు, కొన్నిసార్లు కంపెనీ వాళ్లూ దాన్ని సరిదిద్దరు.

నాల్గవది సాయం అని పిలవడానికే వీలులేనిది. దామన్‌జోడి కర్మాగారం కోసం, గనుల కోసం ఇళ్లూ భూములూ వదిలిన కుటుంబాలు ఉన్నాయి. కర్మాగారం దగ్గర పునరావాస కాలనీలు ఉన్నాయి. కాశీపూర్‌లో బాక్సైట్ ప్రాజెక్టును వ్యతిరేకించిన గ్రామస్థుల మీద 2000 డిసెంబరు 16న మైకంచ్‌లో పోలీసులు జరిపిన కాల్పుల్లో ముగ్గురు గిరిజనులు మరణించారు. ఆ తరువాత 2006లో ఒడిశా ప్రభుత్వం తెచ్చిన పునరావాస విధానం, నిర్వాసిత కుటుంబానికి ఉద్యోగం, అది కుదరనప్పుడు ఏకమొత్తం నగదు అని చెప్పి, అధికారులు, ప్రజాప్రతినిధులు, కంపెనీ ప్రతినిధులు, నిర్వాసితులు కలిసి కూర్చునే సలహా కమిటీలను ఏర్పరచింది. భూమి ఇచ్చిన వాడికి ఇచ్చే ఉద్యోగం అప్పు తీర్చడం. దాన్ని "కంపెనీ స్థానికులకు ఉపాధి కల్పించింది" అన్న వాక్యంలో పెట్టి ప్రచారం చేయడం నాకు ఏనాడూ సబబుగా తోచలేదు. చట్టం ఇంకొక రకం ఉపాధిని కూడా చెబుతుంది. అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం ముప్పై మంది, అంతకు మించి పనిచేసే సంస్థ, కాంట్రాక్టు కూలీలను కూడా కలిపి లెక్కించిన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఐటీఐ చదివిన మన పిల్లలు దీని గురించి అడగరు. అడిగేది ఎవరి సిఫార్సు దొరుకుతుందని.

ఇక్కడ తెలుగువాళ్లమైన మేము కొంత ఇబ్బందిగా కదలవలసిన చోటు వస్తుంది. కర్మాగారాల్లో ఫిట్టర్లు, వెల్డర్లు, సూపర్‌వైజర్లు, రవాణా కాంట్రాక్టర్లలో తెలుగువాళ్ల పాలు తక్కువేమీ కాదు. స్థానికులకే పని ఇవ్వాలని ఊరేగింపు జరిగినప్పుడు, తాతల కాలం నుంచి రాయగడలో ఉన్న నా బోటివాణ్ని స్థానికుడి కింద లెక్కిస్తారా అన్నది ఎదుటివాడి మనసును బట్టి మారుతుంది. కాశీపూర్ కోందు యువకుడి ముందు నిలబడి నేను స్థానికుణ్నని గట్టిగా అనలేను, కొండ అతనిది. అలాగని నిన్న కాంట్రాక్టు మీద వచ్చినవాణ్నీ నన్నూ ఒకే వరుసలో కూర్చోబెడితే ఒప్పుకోను.

స్థానికత ఎక్కడిదాకా అన్న ప్రశ్న మనుషులతో ఆగదు. నాగావళి కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా, మిల్లు ఊరి పక్క నుంచే దిగి, పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లి తోటపల్లి ఆయకట్టుకు నీళ్లిచ్చి శ్రీకాకుళం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది ఒడ్డున పైన ఉన్న పరిశ్రమ నీరు ఎంత తోడుతుంది, ఎంత శుద్ధిచేసి వదులుతుంది అన్న విషయం పై రైతుకు ఎంత అవసరమో కింది రైతుకూ అంతే అవసరం. సలహా కమిటీలు జిల్లాకు ఒకటి, ఖనిజ నిధి జిల్లాకు ఒకటి, కనుక కింది రైతుకు ఏ కమిటీలోనూ కుర్చీ లేదు. సీఎస్ఆర్ చట్టం మాత్రం స్థానిక ప్రాంతాన్ని జిల్లా గీతతో బిగించలేదు. కంపెనీ తలచుకుంటే సరిహద్దు దాటి ఆంధ్రలోని కొమరాడలో కూడా ఖర్చు పెట్టవచ్చు, రాష్ట్రాలు మారాయని ఆగనవసరం లేదు.

మరొక కొలత గురించి చెప్పకుండా ఉండలేను, అది మన విశాఖ ఏజెన్సీలోనే పుట్టింది కనుక. బొర్రా ప్రాంతంలో గిరిజన భూముల్లో ఇచ్చిన గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, అటువంటి చోట గని నడిపేవారు నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పక్కన పెట్టి, నీటి వనరులు, బడులు, ఆసుపత్రులు, పారిశుద్ధ్యం, రోడ్ల కోసం వాడాలని, అడవుల పెంపకానికి పెట్టే ఖర్చు అందులో కలపరాదని చెప్పింది. కొండకు ఇటువైపు, ఒడిశా గనులకు, ఆ తీర్పు కొలత కాలేదు. కానీ 2 శాతాన్ని మహోపకారంగా చూపించే వేదికల మీద కూర్చున్నప్పుడల్లా నాకు ఆ 20 గుర్తుకు వస్తుంది.

ఊళ్ల పెద్దలు, వార్డు మెంబర్లు నా దగ్గరికి వచ్చి ఏం చేయాలని అడిగినప్పుడు నేను చెప్పేది కాగితాల పనే. సీఎస్ఆర్ కమిటీలో ఎవరున్నారు, విధానం ఏమిటి, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులేవి అన్నవి కంపెనీ తన వెబ్‌సైటులో పెట్టాలని నిబంధన ఉంది. కేంద్ర ప్రభుత్వపు సీఎస్ఆర్ పోర్టల్‌లో కంపెనీలవారీగా, రాష్ట్రాలవారీగా లెక్కలు దొరుకుతాయి. డీఎంఎఫ్ పనుల జాబితా జిల్లా ట్రస్టు దగ్గర ఉంటుంది, ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు చాలు. ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే బడి రెండింటిలోనూ ఉందా, ఏ జాబితాలోనూ లేని ఊరు ఏది అన్నది తేలిపోతుంది. కంపెనీల వార్షిక సీఎస్ఆర్ ప్రణాళిక సాధారణంగా ఆర్థిక సంవత్సరం మొదలయ్యే నాటికి సిద్ధమవుతుంది కనుక ఏప్రిల్ తరువాత పట్టుకెళ్లిన అర్జీకి "వచ్చే ఏడాది చూద్దాం" అన్న జవాబే వస్తుంది. జనవరి 26 గ్రామసభలో తీర్మానం చేసి, ఫిబ్రవరిలో కంపెనీ కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోవడం మంచిది. తీర్మానంలో కొత్త గది కావాలని రాసే ముందు, ఉన్న నీటి యంత్రానికి ఫిల్టర్లు ఎవరు మారుస్తారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు, మూడేళ్లు గడిచిన తరువాత ఆ ఖర్చు డీఎంఎఫ్‌కు మారుతుందా, పంచాయతీకి మారుతుందా అన్నది ఒక వాక్యంగానైనా రాసి, కంపెనీ చేతనూ, కలెక్టర్ కార్యాలయం చేతనూ రాతలో ఒప్పించుకోవాలి.